పధ్నాలుగో నంబరు ఆవిడ

ఉషశ్రీ, ఇరవై ఆరేళ్లు. రాత్రి అంట్లు తోమాక చెత్త తనే పారేసి వచ్చేది. అత్తింట్లో ఆమె ఒంటరిగా ఉండే కాసేపు అదే.

ఢిల్లీలో వాళ్లున్న ప్రభుత్వ క్వార్టర్లలో చెత్తకుండీకి వెళ్లాలంటే పధ్నాలుగో నంబరు దాటాలి. ఖాళీ ఇల్లు. అక్కడ ఒక హర్యానా ఆవిడ కాలి చచ్చిపోయింది. మొగుడు బదిలీ చేయించుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. దెయ్యమని పేరు మాత్రం ఆవిడకొచ్చింది.

వాళ్ల పొరుగింటి కృష్ణకుమారి గారు నాకు చెప్పిన సంగతిది.

ఒక రాత్రి చెత్త పారేయడానికి వెళ్లిన ఉషశ్రీ ఎంతకీ తిరిగి రాలేదు. మొగుడు మురళీకృష్ణ వెళ్లి చూస్తే — పధ్నాలుగో నంబరు మెట్ల మీద కూర్చుని ఉంది. తాళం వేసిన తలుపు వైపు చూస్తూ... నవ్వుతోంది.

"ఎవరున్నారక్కడ?" అన్నాడు.

ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది. "చుప్... వో సో రహీ హై."

నిద్రపోతోందట — ఎవరో.

ఆయన చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. పెళ్లాన్ని కూడా వదిలేసి. చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది కృష్ణకుమారి గారే.

అప్పట్నుంచి ఉషశ్రీకి నిద్ర లేదు. నోరు ఊరికే నములుతున్నట్టు కదిలేది. ఎత్తిన చెయ్యి ఎత్తినచోటే ఉండిపోయేది... తెలుగు ఒక్క ముక్క లేదు. అంతా హిందీ.

"మా కోడలికి హిందీ రాదమ్మా," అత్తగారు నాగేంద్రమ్మ గుసగుసలాడింది. "మాట్లాడేది ఆ పధ్నాలుగో నంబరుదే."

వీధి చివరి డాక్టరు, ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయన్నాడు. తర్వాత భూతవైద్యుడొచ్చాడు. ఎమ్మెస్సీ చదివిన మొగుడు ఎండుమిర్చి పొగకు విసనకర్ర పట్టాడు. ఆ పొగలోనే ఆమెకు ఫిట్స్ వచ్చాయి.

"పిల్ల చచ్చేలా ఉంది, బండి తీయవయ్యా," అన్నారు కృష్ణకుమారి గారు.

"ఆంటీ, పూజ పూర్తి కానివ్వమంటోంది అమ్మ..."

కృష్ణకుమారి గారే క్యాబ్ పిలిచారు.

ఆసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. స్కాన్‌లో అండాశయంలో చిన్న గడ్డ కనిపించింది. దాని మీదికి లేచిన ఒంట్లోని రోగనిరోధక శక్తి దారి తప్పి మెదడు మీద పడింది. గడ్డ తీసేశారు, స్టెరాయిడ్లు ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి ఆగేదని డాక్టరమ్మ చెప్పింది. మాట కుదుటపడటానికి నెలలు పట్టింది.

ఒకరోజు నాగేంద్రమ్మ మంచానికి కాస్త దూరంగా నిలబడి అడిగింది. "పోయిందా... అది?"

"ఎవరత్తయ్యా?"

"ఆ హిందీ మాట్లాడేది."

"నేనే. చిన్నప్పుడు భోపాల్లో చదివాను. నాన్నకు అక్కడ రైల్వే ఉద్యోగం."

"మాకెప్పుడూ చెప్పలేదే."

"మీరు ఆవకాయ కలపడం వచ్చా అని అడిగారు. వచ్చన్నాను."

తర్వాత ఉషశ్రీ విడాకులు తీసుకుంది. పరీక్ష రాసి ప్రభుత్వ ఉద్యోగం తెచ్చుకుంది. అందరూ వద్దన్న పధ్నాలుగో నంబరు క్వార్టరు అడిగి తీసుకుని, అందులో ఉంటోంది.