బుధు వంతు అంబలి

“ఓలె కనకా! మీ మామ రేత్రి కూడా తాగీసినాడే!”

తెల్లవారితే అత్త సోములమ్మ వేసే కేక అదే. గుమ్మం పక్క రాయి మీదున్న ఎండు ఆనపకాయ బుర్రను తలకిందులు చేసి చూపించింది. చుక్క రాలలేదు. పెనిమిటి బుధు పోయి ఏళ్లు గడిచినా, పొద్దు గూకేసరికి ఆ బుర్ర నిండా రాగి పిండితో కాచిన చోడి అంబలి పోసి రాయి మీద పెట్టనిదే ఆవిడ ముద్ద ముట్టదు. పోయినవాళ్లకి పండక్కో, కొత్త పంటకో వంతు తియ్యడం ఆ అరకు కొండల్లో అందరూ చేసేదే. ఈవిడది మాత్రం రోజూ వంతే. ఇన్నాళ్లూ పొద్దున్న ఆ అంబలి కోళ్లకే పోయేది. ఈ చలికాలంలోనే బుర్ర ఖాళీ అవడం మొదలైంది.

“ఏ కుక్కో తాగుంటది అత్తా.”

“కుక్క తాగితే బుర్ర దొర్లిపోదేటి? ఎలా పెట్టినానో అలాగే ఉంది సూడు!”

మంచు ఇంకా వాకిట్లోనే ఉంది. కనక పైట ఒంటినిండా కప్పుకుంది.

లోపల ఆమె మొగుడు ఫల్గుణ గోడకి ఆనుకుని ఆయాసపడుతున్నాడు. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు తొలి బస్సులో ఘాట్ దిగి, విశాఖ పెద్దాసుపత్రిలో మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకు రావాలి. డయాలసిస్ ఉచితమే. కానీ తోడు వెళ్లిన రోజు కనకకి కాఫీ తోటలో పని పోతుంది. ఒంట్లోకి వెళ్లిన నీళ్లకి బయటికి దారి లేదు కాబట్టి, రోజంతటికీ ఒక్క స్టీలు గ్లాసుడే కొలిచి ఇస్తుంది. దాహం ఎలాంటిదో నిండు కుండలో ముంచుకుని తాగేవాళ్లకేం తెలుస్తుంది!

ఆ రోజు ఆసుపత్రిలో బరువు చూసిన సిస్టర్ మొహం మాడ్చుకుంది.

“మళ్లీ పెరిగాడమ్మా. ఇంట్లో ఎవరో తాగడానికి ఇస్తున్నారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. ఇంకోసారి ఇలా అయితే మిషన్ దాకా వస్తాడని నేను చెప్పలేను.”

తను ఇవ్వడం లేదని కనక ఒట్టేసింది. ఫల్గుణ తల దించుకున్నాడు. తిరుగు బస్సులో ఆమెకి తిక్క రేగింది. ఇంట్లో ఉన్నది ముగ్గురే. తను కాదు. మరెవరు?

ఇల్లు చేరేసరికి సోములమ్మ బుర్రలోకి అంబలి వంచుతోంది.

“అత్తా, నిజం సెప్పు. నీ కొడుక్కి దొంగసాటుగా పోత్తన్నావా?”

“నానా? నా గుంటడి సావు నాను కోరుకుంతానేటే?”

“మరి ఆ ఉబ్బెక్కడిది? మామని పొట్టన పెట్టుకున్నది సాలలేదా నీకు?”

ఆ మాట అనకూడదు. అనేసింది.

సోములమ్మ అక్కడే కూలబడింది. “మీ మామ కూడా ఇలాగే ఉబ్బిపోనాడు. గాలి సోకిందన్నారు. దాహం, దాహం అన్నాడు. గెడ్డకెళ్లి కుండ నింపుకొచ్చీసరికి నోరు తెరుసుకునే ఉండిపోనాడే! కళ్లు మూస్తే ఇప్పటికీ ఆ నోరే. ఇన్నాళ్లకొచ్చి తాగతన్నాడని నా పేనం ఎంత సల్లబడిందో నీకేటి తెలుసు?”

“అయ్య కాదే, అమ్మా.”

ఫల్గుణ ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

“నానే తాగతన్నాను. కనకిచ్చే నీళ్లు నాలిక తడవడానికే సాలవు. మీరు లెగకముందే తాగీసి, బుర్ర ఎలాగుందో అలాగే ఒగ్గీసీవోణ్ణి. పొద్దున్న నీ నవ్వు సూసి సెప్పలేకపోనాను.”

సోములమ్మ బుర్రకేసి చూసింది.

“అయితే... మీ అయ్య రాలేదా?”

ఫల్గుణ తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కెవ్వుమంది. “సచ్చినోడికని పోసి బతికినోడికి ఇసం పెట్టినాను తల్లో!” బుర్రలోని అంబలంతా వాకిట్లో ఒలకబోసింది. కనక పరుగున వెళ్లి ఆవిడ్ని కావలించుకుంది.

“తప్పయిపోనాది అత్తా. నా నోరు పడిపోనూ!”

“నువ్వు తోటలోకెళ్లే గుంటా. బస్సులో ఈడితో నానెల్తాను,” అంది సోములమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

నాలుగు రోజులు పోయాక కనక అత్త పెదాలు చూసింది. పగిలి నెత్తురు కారుతున్నాయి. ఆవిడా కొడుకులాగే రోజుకి గ్లాసుడే తాగుతోంది. కనక కేకలేసి, పెరట్లోకి లాక్కెళ్లి, ఫల్గుణ కంటపడకుండా చెంబుడు నీళ్లు తాగించింది.

ఆ సాయంత్రం సోములమ్మ, అంబలి ఒలకబోసిన నాటినుంచీ ముట్టని బుర్రను ఖాళీగానే రాయి మీద పెట్టి, మంచులోకి చూస్తూ అంది.

“ఓ మా గుంటడి అయ్యా! ఇంక నీకు వంతు నేదు. నీ కొడుక్కి దాహంగా ఉంది. నువ్వే ఓర్సుకో.”

ఫల్గుణ లోపల్నించి వచ్చాడు. చేతిలో స్టీలు గ్లాసుంది. రాత్రికని దాచుకున్న ఒక్క గుక్క నీళ్లున్నాయి అందులో.

“ఇది అయ్యకి పొయ్యవే, అమ్మా.”

సోములమ్మ ఆ గుక్కెడూ బుర్రలో పోసింది. కనక ఏడుస్తూనే మొగుణ్ణి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

పొద్దున్న ఆ బుర్రను ఎవరూ తలకిందులు చేసి చూడలేదు.