అర్జీలో లేని రిజిస్టరు

మెర్లిన్ లోపలికి వచ్చీ రాగానే తలుపు గడియ పెట్టింది. కిటికీలోంచి రోడ్డు చూసింది. ఆ తర్వాతే కూర్చుంది.

"ఎవరన్నా వెంట వచ్చినారా?" అని అడిగింది సామ్రాజ్యం.

"తెలీదక్కా. బస్సులో ప్రతి మొగమూ నన్నే చూస్తున్నట్టుండింది."

సామ్రాజ్యం నెల్లూరు కోర్టులో ఇరవై ఏళ్లు నకళ్లు రాసి, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివుగా ఆఫీసు పెట్టుకున్న మనిషి. కాగితం అబద్ధమాడితే ఆమె దగ్గర చెల్లదని సహాయకుడు నరేంద్రబాబు కనబడ్డవాళ్లందరికీ చెబుతుంటాడు.

మెర్లిన్ కొంగుముడి విప్పి ఒక చీటీ తీసింది. క్యాలెండరు కాగితం వెనక పెద్ద పెద్ద అక్షరాలు. నరేంద్రబాబు పైకి చదివాడు.

"చెక్‌పోస్టు రిజిస్టరు అడిగినావంట. అర్జీ వాపసు తీసుకో. షారన్ బడికి ఏ దారిన పోతాదో మాకు తెలుసు."

"బుధవారం తెల్లారి తలుపు కింద ఉండింది. ఎనిమిదేళ్ల బిడ్డక్కా. నిన్నటి నుంచి బడికి పంపలా. పక్కింటి ఆదిశేషమ్మ దగ్గర కూర్చోబెట్టి వచ్చినా."

మెర్లిన్‌ది విడవలూరు అవతల, సముద్రం దగ్గరి పల్లె. భర్త హెబ్రోను పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆరు నెలల కిందట ఒక రాత్రి రొయ్యల గుంటల పక్క కాలవలో శవమై దొరికాడు. తాగి బండి మీద నుంచి పడ్డాడని పోలీసులు ఫైలు మూసేశారు. హెబ్రోను చుక్క ముట్టడని పల్లె మొత్తానికీ తెలుసు. పేదవాడి సంగతి పల్లెకు తెలిసినంత మాత్రాన ఫైలుకు ఎక్కదు. అందుకే ఆమె సమాచార హక్కు చట్టం కింద సోమవారం స్టేషన్లో అర్జీ ఇచ్చింది.

స్టేషన్ ముద్ర వేసిన నకలును సామ్రాజ్యం రెండుసార్లు చదివింది. శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఆనాటి స్టేషన్ డైరీ. అడిగినవి మూడే.

"ఇందులో చెక్‌పోస్టు మాటే లేదే?"

"నేను నాలుగు అనుకున్నా. సముద్రం రోడ్డు చెక్‌పోస్టు అటవీ శాఖది, పోలీసులను అడిగితే రాదు అని అర్జీ రాసే గిరిబాబు గారు వద్దన్నాడు."

"ఆ నాలుగో సంగతి ఇంకెవరికి చెప్పినావు?"

"ఎవురికీ చెప్పలా. ముందురోజు ఆదివారం, నాలుగూ అడగబోతున్నానని ప్రార్థన చీటీలో రాసి చర్చి పెట్టెలో వేసినా. అది దేవుడికి రాసుకున్నది గదక్కా."

ఆమె వెళ్లగానే నరేంద్రబాబు అన్నాడు. "స్టేషన్ వాళ్ల పనే మేడమ్. అర్జీ వాళ్ల చేతిలోనే కదా ఉంది."

"బాగా ఆలోచించినావు. బండి తియ్యి," అంది సామ్రాజ్యం.

అర్జీ తీసుకున్న కానిస్టేబుల్ జయకుమార్ విసుక్కున్నాడు. "ముప్పై రోజులు టైముండాది మాకు. అప్పుడే బెదిరించే తీరిక ఎవురికి ఉండాది మేడమ్?" గిరిబాబు భయపడ్డాడు. "నేను వద్దన్న సంగతి గురించి నేనే బెదిరిస్తానా తల్లీ?"

పాస్టర్ సుశీల్ కుమార్ గారు నల్ల కళ్లద్దాలతో వరండాలో కూర్చుని ఉన్నారు. కంటి ఆపరేషన్ అయి వారం. "మెర్లిన్ చీటీ వేసిందా? ఈ వారం చీటీల్లో ఆ పేరే వినలేదమ్మా," అన్నారు.

చర్చి సంఘ పెద్ద జడ్సన్ తన రొయ్యల గుంటల గట్టు మీదే కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. "హెబ్రోను నాకు తమ్ముడితో సమానం. ఆ రోజు నేను నెల్లూరులో ఉండా. ఫోను వస్తే పరిగెత్తుకొచ్చినా. మెర్లిన్ ఎందుకు ఊరికే ఆఫీసుల చుట్టూ తిరగతా ఉందో." గట్టు పక్కన మేత బస్తాల ట్రాక్టరు నిలబడి ఉంది.

తిరుగుదారిలో సామ్రాజ్యం చెక్‌పోస్టు దగ్గర దిగి, రిజిస్టరు చూడాలని అర్జీ రాసి ఇచ్చింది. అక్కడి గుమాస్తా గంటసేపు నిలబెట్టి చూపించాడు.

శనివారం పగలు పది గంటలకు సామ్రాజ్యం పిలుపు మీద అందరూ చర్చిలో బెంచీల మీద కూర్చున్నారు. జయకుమార్ స్టేషన్ నుంచి వాంగ్మూలం రాసుకునే పుస్తకం తెచ్చాడు. మెర్లిన్ షారన్ చెయ్యి వదల్లేదు. బిడ్డ వేళ్లు తెల్లబడ్డాయి.

"బెదిరించినవాడు ఒక తప్పు చేసినాడు," అంది సామ్రాజ్యం. "అర్జీలో లేనిదాన్ని వద్దన్నాడు. స్టేషన్ వాళ్లు చూసింది మూడే. గిరిబాబు గారికి నాలుగోది పోలేదని తెలుసు. నాలుగూ పోయినాయని నమ్మినవాడు ప్రార్థన చీటీ ఒక్కటే చదివినాడు."

ఆమె పాస్టరు గారి వైపు తిరిగింది.

"పాస్టరు గారూ, ఈ వారం చీటీలు మీరు చదవగలిగినారా?"

"లేదమ్మా. పెట్టె తెరిచి, నాకు చదివి వినిపించింది జడ్సనే."

"మెర్లిన్ చీటీ మాత్రం చదవలేదు. ఎందుకంటే అందులో చెక్‌పోస్టు ఉంది. ఆ రిజిస్టరు నేను చూసినా. హెబ్రోను పోయిన రోజు సాయంత్రం ఆరూ నలభైకి అతని బండి దాటింది. ఆరూ యాభైకి ఒక ట్రాక్టరు దాటింది. తోలినవాడి సంతకం జడ్సన్‌ది. నెల్లూరులో ఉన్న మనిషి సంతకం."

జడ్సన్ లేవబోయాడు. నరేంద్రబాబు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"లైట్లు లేవు ట్రాక్టరుకు," అన్నాడు జడ్సన్ చివరికి. "బండి కనబళ్లా, గుద్దేసినా. కావాలని చేసినానా నేను? భయపడి కాలవలోకి నెట్టినా. బిడ్డ జోలికి పోయేవాణ్ని కాదు మెర్లిన్, ఒట్టిగా రాసినా."

హెబ్రోను సమాధి దగ్గర మొదటి పిడికెడు మన్ను వేసింది ఇతనే. ఆ మనిషి ముందుకి మెర్లిన్ వచ్చి నిలబడింది.

"నెట్టేటప్పటికి ప్రాణముందా అన్నా?"

జడ్సన్ నేల చూశాడు.

"చెప్పన్నా."

"ఉండింది. జేబులో ఫోను మోగతా ఉండింది. నీ పేరే పడింది."

మెర్లిన్ ఏడవలేదు. జయకుమార్ వైపు తిరిగింది.

"రాసుకో సార్. ఈ మాట విడవకుండా రాసుకో. సోమవారం వచ్చి నకలు అడగతా."

జయకుమార్ పెన్ను మూత తీశాడు.