ఏటి కావాలని అడిగినోడు

"సార్, మా అత్త బతికే ఉంది."

త్రినాథ్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. ఎదురుగా తెల్ల కోటు, తలకి నెట్ టోపీ, కాళ్ళకి గమ్ బూట్లతో ఒక అమ్మాయి. ఆ రొయ్యల ఫ్యాక్టరీలో ఆ వేషం వేస్తే అందరూ ఒక్కలాగే కనిపిస్తారు. ఈమె మాత్రం అలా కనిపించలేదు. అంత కోపంగా చూసే కళ్ళు అంత బాగుండటం అన్యాయం అనిపించింది అతనికి.

"సంతోషమండీ," అన్నాడు.

"సంతోషం తర్వాత. ముందు గేటు దగ్గరకొచ్చి సూడండి."

వెళ్ళి చూశాడు. చూసి తల పట్టుకున్నాడు.

త్రినాథ్‌ది కోటబొమ్మాళి. ఎంబీఏ చేసి, కళింగపట్నం రోడ్డులో ఉన్న ఈ ఫ్యాక్టరీకి హెచ్చార్‌గా కొత్తగా వచ్చాడు. వచ్చీ రాగానే 'ఎంప్లాయీ ఆఫ్ ద మంత్' అని ఒక స్కీము పెట్టి, రొయ్యలు వలిచే పీలింగ్ సెక్షన్‌లో అందరికన్నా సీనియర్ లక్ష్మణమ్మని ఎంపిక చేశాడు. ఆమె ఫోటోకి ఫ్రేము కట్టించి గేటు పక్క గోడకి తగిలించాడు. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. ఫ్రేము బోసిగా ఉందని వాచ్‌మన్ హరిబాబు తన వంతు గౌరవంగా బంతిపూల దండ వేశాడు. అదీ చాలదని అగరొత్తులు వెలిగించాడు.

ఆ రోజు లక్ష్మణమ్మకి వీక్లీ ఆఫ్. పొద్దున్నే కంపెనీ బస్సు దిగిన ఆడవాళ్ళు ఫోటో చూసి గొల్లుమన్నారు. కబురు ఊళ్ళోకి పాకింది. చుట్టాలు ఏడ్చుకుంటూ వెళ్ళేసరికి లక్ష్మణమ్మ అరుగు మీద కూర్చుని ఉల్లిపాయ నంజుకుంటూ గంజి తాగుతోంది. చివరికి చుట్టాలందర్నీ ఆవిడే ఓదార్చాల్సి వచ్చింది.

కోపంగా వచ్చిన అమ్మాయి లక్ష్మణమ్మ మేనకోడలు యమున. డిగ్రీ చదివి, ఆ సెక్షన్‌కే సూపర్‌వైజర్‌గా చేస్తోంది. త్రినాథ్ పది రకాలుగా సారీ చెప్పాక ఆమె కాస్త మెత్తబడింది.

"మెచ్చుకోడం మంచిదే సార్. వట్టి ఫోటోతో ఏటొస్తాది? ఏటైనా ఇస్తే ఇయ్యండి," అని వెళ్ళిపోయింది. పెదవి చివర నవ్వు దాచుకుందని అతనికి గట్టి అనుమానం.

సరే, స్కీములోకి రివార్డు వచ్చింది. మరుసటి నెల లక్ష్మణమ్మకే మంచి మిక్సీ ఇచ్చాడు. వారం తిరక్కుండానే ఆ మిక్సీ అట్టపెట్టెతో సహా అతని టేబుల్ మీదకి తిరిగొచ్చింది. మధ్యాహ్నం తనతో కలిసి తినేవాళ్ళు దూరంగా కూర్చుంటున్నారని, తనకీ మిక్సీ వద్దని లక్ష్మణమ్మ కళ్ళొత్తుకుంది.

విషయం యమున విడమరిచి చెప్పింది. పీలింగ్‌లో ఒకరు తల తీస్తారు, ఒకరు పొట్టు వలుస్తారు, ఇంకొకరు నరం లాగుతారు. జట్టంతా కలిస్తేనే పని. అందులో ఒక్కరినే గొప్ప అంటే ఎలా? పప్పులో కందిపప్పు గొప్పదా, చింతపండు గొప్పదా అని అడిగినట్టుంటుంది.

"మరి ఏమివ్వాలి?"

"నన్నడుగుతారేటి సార్? ఆల్లని అడగండి."

అడగొచ్చని త్రినాథ్‌కి అంతవరకూ తట్టలేదు. ఎంబీఏలో అన్నీ చెప్పారు గానీ ఇదొక్కటి చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ క్యారియర్ పట్టుకుని వాళ్ళ మధ్య కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట అందరూ కాస్త ఎడంగా జరిగి కూర్చున్నారు. తర్వాత ఒకామె తన కూరలో చేపముక్క అతని కంచంలో వేసింది. ఆ తర్వాత మాటలు ఆగలేదు. మొగుడూ పిల్లలూ లేకుండా, వంట చెయ్యకుండా, అందరం కలిసి ఒక్క రోజు విశాఖపట్నం పోయి రావాలి. ఇంకెవరో వండి వడ్డిస్తే కూర్చుని తినాలి. అదీ వాళ్ళ కోరిక.

ప్లాంట్ మేనేజర్ రమేష్‌బాబు ఆ మాట విని నవ్వాడు. ఆయన భీమవరం మనిషి. నవ్వితే భయం వేస్తుంది.

"నెలాఖరుకి జపాన్ కంటైనర్ వెళ్ళాలి. పోయినసారి లేటైంది. ఈసారి టైముకి పంపిస్తే రెండు బస్సులు నేనే మాట్లాడతాను. పంపకపోతే స్కీము రద్దు, నువ్వు భీమవరం హెడ్డాఫీసుకి," అన్నాడు.

త్రినాథ్ ఈ సంగతి యమునకి చెప్పాడు. భీమవరం ఎంత దూరమని ఆమె అడిగింది. రైల్లో ఒక పూట పడుతుందన్నాడు. ఒక పూటే కదా అని తేలిగ్గా అనేసి, కుడి చేతి గ్లౌజు ఎడమ చేతికి తొడుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆ గ్లౌజు చూసి త్రినాథ్‌కి ప్రాణం లేచొచ్చింది.

జట్లకి ఆమె ఏం చెప్పిందో గానీ మర్నాటి నుంచి పని పరుగెత్తింది. సెలవులు తగ్గాయి. నెలాఖరు దగ్గరపడేసరికి ఒక్క రోజు పని మిగిలింది.

సరిగ్గా ఆ రోజే వాయుగుండం. తెల్లారేసరికి కుండపోత. రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయని కంపెనీ బస్సు డ్రైవర్ ఫోన్ చేసి చేతులెత్తేశాడు. రమేష్‌బాబు గడియారం చూసుకుని, టికెట్ ఏ రైలుకి తియ్యమంటావని జాలిగా అడిగాడు.

త్రినాథ్ గొడుగేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. గాలికి గొడుగు తిరగబడింది. స్కీము పోతే పోనీ, ఉద్యోగం భీమవరంలో అయినా ఉంటుంది. అక్కడ యమున ఉండదు. ఆ ఒక్క సంగతే అతనికి మింగుడు పడలేదు.

అప్పుడు వానలోంచి ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి. వరి బస్తాలు మోసే తొట్లలో టార్పాలిన్లు కప్పుకుని పీలింగ్ సెక్షన్ మొత్తం పాటలు పాడుకుంటూ వస్తోంది. ముందు ట్రాక్టర్ నడుపుతున్నది యమున నాన్న జగన్నాధం. పక్కన మడ్‌గార్డు మీద, నిలువునా తడిసి, యమున.

"బస్సు రాకపోతే మేమూ రామనుకున్నారేటి?" అంది దిగుతూనే.

త్రినాథ్ తిరగబడిన గొడుగు పక్కన పడేసి ఎదురెళ్ళాడు. లక్ష్మణమ్మ వచ్చి అతని తల మీది నీళ్ళు చెంగుతో తుడిచింది.

"ఎన్నేళ్ళ నుంచో ఒలస్తన్నాను బాబూ ఈ రొయ్యలు. బేగి ఒలవండని అన్నోల్లే గానీ, మీకేటి కావాలని అడిగినోడివి నువ్వొక్కడివే. నిన్నొగ్గేస్తామేటి?"

వాన తెరిపిచ్చేలోగా ఆఖరి రొయ్యల బ్లాకు ఫ్రీజర్‌లోకి వెళ్ళింది. సాయంత్రం కంటైనర్ గేటు దాటుతుంటే ఆడవాళ్ళు వేసిన ఈలలకి రమేష్‌బాబు కూడా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత మాట నిలబెట్టుకుని రెండు బస్సులూ తనే మాట్లాడాడు.

విశాఖపట్నంలో ఆ ఆదివారం వాళ్ళదే. మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కడానికి భయపడి, ఎక్కాక దిగడానికి ఒప్పుకోలేదు. హోటల్లో సర్వర్ మెనూ ఇస్తే లక్ష్మణమ్మ పక్కకి తోసేసి, రొయ్యలు తప్ప ఏదైనా తెమ్మంది. యమున పొందూరు చీర కట్టుకొచ్చింది. టోపీ లేకుండా ఆమె జడ చూడటం త్రినాథ్‌కి అదే మొదలు. అన్నంలో సాంబారు బదులు మజ్జిగ పోసుకున్నాడు, ఆ సంగతి కూడా తెలియలేదు.

బీచ్‌లో ఉండగా కంపెనీ ఎండీగారి నుంచి ఫోన్. ఈ రివార్డు పద్ధతి అన్ని ఫ్యాక్టరీల్లో పెడతామని, భీమవరం వచ్చి హెడ్‌గా చేరమని, జీతం డబుల్ అని చెప్పారు. త్రినాథ్ ఎదురుగా చూశాడు. యమున ఇసుకలో నిలబడి, వినడం లేదన్నట్టు సముద్రం కేసి చూస్తోంది.

"పద్ధతి అందరికీ నేర్పుతాను సార్. నన్ను మాత్రం ఇక్కడే ఉంచండి," అన్నాడు.

ఫోన్ పెట్టేసేసరికి లక్ష్మణమ్మ పక్కనే ఉంది.

"అడగందే అమ్మైనా అన్నం పెట్టదు బాబూ. అందర్నీ అడిగినావు. నీకేటి కావాలో ఎప్పుడడుగుతావు?" అని, జట్టునంతా నీళ్ళ వైపు తోలుకుపోయింది.

యమున ఇటు తిరిగింది. "డబుల్ జీతం ఒదిలీసారు. ఎందుకు?"

"నువ్వు లేని ఊళ్ళో నేనుండలేను యమునా. నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. మొహం మీద నవ్వు ఇక దాగలేదు.

"వచ్చే ఆదివారం మా నాన్న ఇంటి దగ్గరే ఉంటాడు. ఒక్కరే రాకండి. మీ అమ్మగారినీ నాన్నగారినీ తీసుకుని రండి."