రెండోస్థానం సూరన్న

ఈ ఇంట్లోనూ సూరన్న రెండోస్థానంలోనే ఉన్నాడు. తనిఖీదారు వీరవేణి ఆ ఇంటి ఓటు క్రమపత్రాన్ని తన నడుముకున్న సలహాపెట్టెకు చూపించింది. పచ్చదీపం వెలిగింది. పత్రం పెట్టె సలహాతో సరిపోలినట్టే, ఇక ముద్ర వేసి పక్కింటికి పోవడమే. పొద్దుటినుంచీ అదే పని. కాళ్లు లాగుతున్నాయి, ప్రాణం విసిగిపోయింది.

పల్లపు వార్డు సముద్రమట్టానికి దిగువన ఉంది, గట్టు వీధులు దానికి ఎగువన. నీళ్లు తోడే పంపు ఆగితే వారం తిరక్కుండా పల్లం మునుగుతుంది, అందరికంటే ముందు వీరవేణి ఇల్లే మునుగుతుంది. కట్ట పక్షం గెలిస్తే పంపు కరెంటు సముద్రపు గోడ పనికి మళ్లిస్తారు. మెరక పక్షం గెలిస్తే రాత్రికి రాత్రి వార్డే ఖాళీ చేయిస్తారు. పంపు ఆపనన్న అభ్యర్థి దాన్ని నడిపే సూరన్న ఒక్కడే.

"సూరన్నంటే అంత ఇష్టం కదా, మొదట రాయొచ్చుగా పిన్నీ?" తనిఖీదారుగా వీరవేణి అడక్కూడని ప్రశ్న అది.

ఆ ఇంటి మంగతాయారు రుబ్బడం ఆపలేదు. "రాస్తే ఏమవుద్దే? కట్టోళ్లకి మొదటి ఓట్లు తగ్గి వడపోతలో పోతారు. ఆళ్లకేసిన గట్టు వీధుల ఓట్లన్నీ మెరకోళ్లకి దొర్లుతాయంట. పెట్టె చెప్పింది. అందుకే కట్టోళ్లని ముందెట్టాను. నలుగురితో నారాయణ."

ఒక్కరికే ముద్ర వేసే ఒంటిగుర్తు కాలంలో మూడోవాడికి వేసిన ఓటు బూడిదలో పోసిన పన్నీరయ్యేది. అలా రెండు పక్షాలే తరతరాలు ఏలాయి. ఆ పీడ వదలాలని క్రమఓటు తెచ్చారు. ఇష్టం వరసలో అందరికీ అంకెలు వేయాలి, మొదటిస్థానాలు తక్కువైనవాణ్ణి తీసేసి వాడి ఓట్లు తర్వాతివాళ్లకి పంచాలి. మంచిదే. అంతలో ఇంటింటికీ సలహాపెట్టెలు దిగాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఎవరిని ఆపాలో చెబుతాయి, భయపడ్డవాళ్లు అలాగే రాస్తారు. పల్లంలో సూరన్న రెండోవాడు. ఎలాగూ పోయేవాడేగా అని గట్టువాళ్లు చివర్న పడేస్తారు. ఆ రాతలు చూసి పెట్టెలు మళ్లీ అదే సలహా ఇస్తాయి. ఇంత తెలివి పోగేసుకుని కూడా మనిషి తన ఇష్టం తను చెప్పుకోలేకపోయాడు. వీరవేణికి ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం మంచినీళ్ల ట్యాంకరు వచ్చింది. పల్లమూ గట్టూ కలిసేది ఆ వరసలోనే. క్రమం మార్చుకోవడానికి సాయంత్రం దాకా గడువుంది. తనిఖీదారు అభ్యర్థి పేరెత్తితే ఉద్యోగం ఊడుతుంది. తెలిసీ ఆమె ట్యాంకరు మెట్టెక్కింది.

"పెట్టెలేమన్నాయో వదిలేయండి. మనసులో సూరన్న మొదటోడైనోళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? వీరవేణి తన చెయ్యే ఎత్తింది. సిగ్గేసింది, అయినా దించలేదు.

గట్టు వీధి ఐసు మిల్లు సత్యానందం గొంతు సవరించుకున్నాడు. "పల్లం మునిగితే మా బావులూ ఉప్పెక్కుతాయమ్మా. సూరన్నంటే మీకే పట్టలేదనుకున్నాం."

"మీకే పట్టలేదని మేం అనుకున్నాం కదయ్యా!" మంగతాయారు బిందె దించి రెండు చేతులూ ఎత్తింది.

తర్వాత ఎవరెవరు ఎత్తారో వీరవేణి లెక్కపెట్టలేదు. ట్యాంకరు కుళాయి కట్టేవాళ్లు లేక నీళ్లు రోడ్డు మీద పారుతున్నాయి. ఆమె నడుముకున్న పెట్టెకు లెక్క తప్పింది, పచ్చదీపం ఆరిపోయింది. సలహా తప్పితే వెలిగే ఎర్రదీ వెలగలేదు.

"ఏమంటోందే అది?" మంగతాయారు కిందనుంచి అరిచింది.

వీరవేణి పెట్టెను తిప్పి చూసింది. "సలహా ఏమీ ఇవ్వట్లేదు పిన్నీ. మీ ఇష్టమేంటని మనల్నే అడుగుతోంది."