పదకొండు గంటల ఊపిరి

కృపావతి మెట్లెక్కి వచ్చింది గానీ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. నంద్యాలలో ఓ పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో ఇరవై రెండేళ్ళుగా నర్సు. పెన్షన్ ఊసే లేని ఆ ఉద్యోగంలో సస్పెన్షన్ మాత్రం దొరికింది.

"నేను మనిషిని చంపినానంట మేడమ్," అంది. "ఎల్లుండి కమిటీ. నిజం తేలకపోతే ఇంక నర్సు పని చేయనియ్యరు నన్ను."

ప్రైవేటు డిటెక్టివ్ భ్రమరాంబిక కళ్ళద్దాలు తుడుచుకుంది. అసిస్టెంటు షోయబ్ నోటుబుక్కు తెరిచాడు. యాభై ఏళ్ళవాడు, ఒకప్పటి టైలరు. అప్పట్లో కుట్లు వేసేవాణ్ణి, ఇప్పుడు కుట్రలు విప్పుతున్నాను అని చెప్పుకుంటాడు. విప్పేది ఆమె, చెప్పుకునేది అతను.

"మొదట్నుంచి చెప్పక్కా. నీ పనేంది?"

"ఐసీయూ సీనియర్ నర్సును. కానీ ఐసీయూలో ఉండను, వార్డులన్నీ తిరుగుతాంటా. ఎవరి పరిస్థితి దిగజారతాందో ముందే కనిపెట్టి వాళ్ళను ఐసీయూకి చేర్పించాల. నాలుగంతస్తులకూ నేనొక్కదాన్నే."

రెండు వారాల కిందట ఆళ్ళగడ్డ రైతు కాశయ్య జ్వరంతో చేరాడు. ఆమె పదకొండు గంటలకు చూసింది. నిమిషానికి ముప్పై నాలుగు ఊపిర్లు, మామూలుగా ఇరవై దాటకూడదు. ఐసీయూకి మార్చాలని చీటీ రాసి, అతని చార్టుకు పిన్ను కొట్టి, డాక్టరుకు ఫోన్ చెయ్యమని వార్డు నర్సు శ్రావణికి చెప్పింది. అంతలో పై అంతస్తులో బాలింతకు ఫిట్స్ అని కబురొస్తే పరుగెత్తింది. ఒంటిగంటన్నర దాటాక దిగి వచ్చేసరికి కాశయ్య లేడు.

"ఇప్పుడు చీటీ లేదు. నేనా వార్డుకే రాలేదంటాండారు. శ్రావణి గూడా అదే మాట. నేను పని నేర్పిన పిల్ల మేడమ్!"

పేరుకు ఐ సీ యూ. చూశానని చెప్పే సాక్షి మాత్రం ఒక్కరూ లేరు.

మర్నాడు ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు ఫ్రాన్సిస్ సూటిగా చెప్పాడు.

"నాకు ఫోన్ రాలేదు. అరుపులు విని పరుగెత్తాను. ఆయన పోయాక ఫైలు నేనే బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పటికి అందులో చీటీ లేదు."

"అంతవరకు ఫైలు యాడ ఉన్నింది?"

"శ్రావణి బల్ల మీద."

కాశయ్య చార్టు పై మూలలో రెండు సన్నని రంధ్రాలున్నాయి, పిన్ను లేదు. పదకొండు గంటల గడిలో ఊపిరి ఇరవై అని ఉంది. భ్రమరాంబిక పక్క మంచం చార్టు అడిగింది. ఇరవై. ఆ పక్కది. ఇరవై. వార్డులో నలభై రెండు మంచాలకూ అంతే.

"ఏందప్పా షోయబ్, అందరూ ఒకే తాళానికి పీలుస్తాండారే!"

"భజన మండలేమో మేడమ్."

శ్రావణి తల ఎత్తలేదు. "కృపక్క ఆ పూట రాలేదు మేడమ్."

"ఈ ఊపిర్లన్నీ నువ్వే లెక్కపెట్టినావా?"

"ఆ... నేనే."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ఊపిరి మాత్రం ఇరవై దాటింది.

మధ్యాహ్నం ఆళ్ళగడ్డ బస్సెక్కారు. కాశయ్య భార్య రంగమ్మ వసారాలో శనగలు చెరుగుతోంది. ఆస్పత్రి అనగానే చేట కింద పడేసింది.

"ఒకామె ఉండాదమ్మా, మర్యాద తెలీని మనిషి! నేను ఆయనకు పదకొండు గంటల మాత్ర మింగిస్తాంటే వచ్చె. ఎట్లుండాదమ్మా అని అడిగితే, ఒక్క నిమిషం నోరు మూసుకోమనె. ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టి, గడియారం చూస్తా నిలబడె. డ్యూటీ ఎప్పుడైపోతాదా అని చూస్తాందేమో అనుకుంటి. ఆస్పత్రికిచ్చిన అర్జీలో అదే రాయించినా."

"మిగతా నర్సులు అట్ల గడియారం చూసినారా?"

"యాడిది? పేపర్లో ఏందో గీకి పోతాండ్రి."

బయటికొచ్చాక షోయబ్ ఆగలేకపోయాడు. "తిట్టే మనిషితో మనకేం లాభం మేడమ్?"

"అంత మంచి సాక్షి మనకు దొరకదప్పా. రేపు ఆమెను నువ్వే పిల్చుకోని రావాల."

విచారణ అన్న మాటలో విచారం ఆ కమిటీ గదిలో ఎవరికీ లేదు, రణానికి మాత్రం అందరూ సిద్ధం. నర్సింగ్ సూపరింటెండెంటు రామేశ్వరమ్మ నడి కుర్చీలో ఉంది. శ్రావణి వార్డును ఆయాకు అప్పజెప్పి వచ్చింది. ఫ్రాన్సిస్, కృపావతి చెరో పక్క, రంగమ్మ తలుపు దగ్గర కూర్చున్నారు.

భ్రమరాంబిక అర్జీ చదివింది. "గడియారం చూసుకుంటూ నిలబడిన నర్సు. రంగమ్మా, ఆమె ఈడ ఉండాదా?"

రంగమ్మ కృపావతి వైపు వేలు చూపించింది.

"కృపావతి వార్డుకే రాలేదంటిరి. వచ్చింది. రొమ్ము మీద చెయ్యి పెట్టి, మాటలు ఆపించి, నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. అట్ల లెక్కపెట్టే మనిషి ఈ ఆస్పత్రిలో ఈమె ఒక్కతే. మిగతావాళ్ళకు రోగి ఎవరైనా ఊపిరి ఇరవయ్యే. చార్టుకు పిన్ను రంధ్రాలుండాయి, చీటీ లేదు. పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా ఫైలు ఒక్కరి బల్ల మీదే ఉన్నింది. ఏం శ్రావణీ?"

శ్రావణి ఏడ్చేసింది. "నలభై రెండు మందికి ఒక్కదాన్ని మేడమ్. తలా ఒక నిమిషమంటే ముక్కాల్గంట ఊపిర్లకే పోతాది. డ్యూటీ ఎక్కంగానే అందరికీ గడులన్నిట్లో ఇరవై రాసేస్తాం. చీటీలో ముప్పై నాలుగు, పక్కనే నా ఇరవై... డాక్టర్ చూస్తే నా పని అయిపోతాదని పీకేసినా. నేనే మళ్ళా లెక్కపెట్టి ఫోన్ చేద్దామనుకున్నా. అంతలో ముగ్గురు పిల్చిరి."

రామేశ్వరమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "అయితే తప్పు ఈ పిల్లదే. శ్రావణీ, గుర్తింపు కార్డు ఈడ పెట్టి ఇంటికి పో. కృపావతీ, రేపట్నుంచి డ్యూటీకి రా."

"నలభై రెండు మందికి ఒక్కర్ని పెట్టిందెవరు?" అడిగింది భ్రమరాంబిక.

"అది మీ కేసు గాదు మేడమ్."

నిజమే. కాదు.

రంగమ్మ లేచి కృపావతి దగ్గరికొచ్చింది. "అప్పుడే ఐసీయూకి తీసుకపోయింటే బతికుండునా తల్లీ?"

అబద్ధం చెప్పడం అప్పుడెంతో సులువు. కృపావతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"చానా మటుకు బతికేవాడమ్మా. నేనే ఫోన్ చేసి పోయుండాల్సింది."

"పదైదు దినాలుగా దేవుడు తీసుకపోయినాడనుకుంటి," అంది రంగమ్మ. "ఆయన్ను తిట్టుకుంటా కండ్లు మూసుకుంటాంటి. ఈ పొద్దు నుంచి నేను ఎవర్ని తిట్టల్ల?"

శ్రావణి వార్డులోంచి ఆయా కేకేసింది, ఏడో మంచం మనిషి ఆయాసపడుతున్నాడని. శ్రావణి అలవాటుగా లేవబోయి, బల్ల మీద తాను తీసి పెట్టిన కార్డు చూసి ఆగిపోయింది.

"రేపట్నుంచి రమ్మంటిని గదా!" అని రామేశ్వరమ్మ అంటూండగానే కృపావతి తలుపు దాటింది.