చుక్కలు నిలిచేదాకా

తెల్లవారగానే ఇంటి ఆవరణలోని చిన్న గుళ్ళ ముందు పూలు పెడుతూ ముర్ని మళ్ళీ తప్పు చేసింది. కొబ్బరాకు దొన్నెలో తెల్లపూలు తూర్పున, ఎర్రవి దక్షిణాన, పసుపువి పడమట ఉండాలి. ఇంకా బడి మొహం చూడని పిల్లకు కూడా తెలిసిన సంగతే. ముర్ని కట్టిన దొన్నెలన్నిట్లో ఎరుపు తూర్పున కూర్చుంది. అత్త సుకెర్తి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"దేవుళ్ళు దిక్కులు మార్చుకున్నారా ముర్నీ, నువ్వే మార్చేశావా?"

ముర్ని దొన్నెల వంక చూసింది. తప్పెక్కడుందో తెలియక, తెలియనట్టు కనిపించడం ఇష్టం లేక, మెల్లగా గోడ పట్టుకుని నిలబడింది. ఆ గోడ పట్టుకోవడమే సుకెర్తికి ఒళ్ళు మండించేది. తలకైన గాయం ఏనాడో మానింది. మచ్చ కూడా జుట్టులో కలిసిపోయింది. అన్నం తింటుంది, నిద్రపోతుంది. ఇంకా ఈ గోడలు పట్టుకోవడం ఏమిటని ఆమె బాధ.

వానలు మొదలైన రోజుల్లో సంతనుంచి వస్తూ, వరిమడి పక్క మలుపులో ముర్ని స్కూటర్ జారింది. తల రాతికి తగిలింది. అంతకు ముందు ఆ వీధిలో ఏ ఇంట్లో పూజ ఉన్నా ఆడవాళ్ళు వచ్చి ముర్నినే అడిగేవాళ్ళు. ఏ దేవుడికి ఏ ఆకు, ఏ పిండివంట అన్నదంతా ఆమె నాలుక మీదే ఉండేది. అలాంటి కోడలు తన కోడలని సుకెర్తి ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది. ఇప్పుడా కోడలు ఆకు సగం కోసి, కత్తి చేతిలో ఉండగానే, ఏం చేస్తున్నానో మరిచి కూర్చుంటోంది.

సుకెర్తి ఊరుకోలేదు. పడినచోట జారిపోయిన ప్రాణాన్ని వెనక్కి పిలిచే పూజ ఆ మలుపులోనే చేయించింది. పూజారి గంట వాయించాడు, ప్రాణం వచ్చేసిందన్నాడు. వచ్చిన ప్రాణం ముర్నిది కాదేమోనన్న అనుమానం సుకెర్తిలో ఆ తర్వాతే మొలిచింది. ఆ మలుపులో తిరిగేదేదో వెంటపడి ఇంటికొచ్చి, కోడలి లోపల కాపురం పెట్టిందని రానురానూ గట్టిగా నమ్మింది.

ఆ మధ్యాహ్నం కొడుకు అర్దన చెక్కపని ముగించుకుని రాగానే పక్కకు పిలిచి మాట తేల్చేసింది. మర్నాడు న్యెపి, ద్వీపమంతా పొయ్యి, దీపం, చప్పుడు మానేసే కొత్త సంవత్సరపు మౌనదినం. అది దాటగానే ముర్నిని పుట్టింట్లో దింపి రావాలి. గుడి ఉత్సవం దగ్గర పడుతోంది. తన ఒంట్లో తాను లేని మనిషి చేత దేవుడికి పెట్టించడం ఆమె వల్ల కాదు.

"డాక్టరు స్పష్టంగా చెప్పాడు కదమ్మా," అన్నాడు అర్దన.

"చెప్పాడు. తలలో ఏమీ లేదన్నాడు."

"ఏమీ లేదనలేదు. రక్తం లేదన్నాడు. అదిరిన మెదడు కుదుటపడడానికి నెలలు పడుతుంది, వెలుతురు, చప్పుడు తగ్గించమన్నాడు."

"నెలలు అయ్యాయి కదరా. అవన్నీ దాని సాకులు, నీ జాలి."

గోడ అవతల ముర్ని ఉంది. అన్నీ విన్నది, అన్నిటినీ పట్టుకోలేకపోయింది. పుట్టిల్లు అన్న మాట మాత్రం చెవిలో నిలిచిపోయింది. ఆ వాకిట్లోంచి పంపేస్తే, తనెవరో చెప్పుకోవడానికి ఇక ఏమీ మిగలదని ఆమెకు తెలుసు.

సాయంత్రం ఊరు ఊరంతా రణగొణలాడింది. న్యెపి ముందురోజు చీకటిపడే వేళ ప్రతి ఇంట్లో డబ్బాలు, వెదురు ముక్కలు బాదుతూ, ఎండు కొబ్బరాకుల కాగడాలతో మూలమూలా తిరిగి భూతాలను తరిమేస్తారు. సుకెర్తి కిరసనాయిలు డబ్బా తీసుకుని వంటిల్లు, ధాన్యపు కొట్టు, ప్రహరీ మూలలు అన్నీ తిరిగింది. చివరికి కొడుకు కాగడాతో వీధిలోకి వెళ్ళిన అదను చూసి, ముర్ని పడుకున్న గదిలోకి వెళ్ళి, ఆమె తల దగ్గర నిలబడి డబ్బాను బలంకొద్దీ బాదింది. పో, పో అంటూ బాదింది. ప్రేమతోనే బాదింది, అందులో అబద్ధం లేదు. ముర్ని చెవులు మూసుకుని మంచం మీంచి జారి, నేల మీద వాంతి చేసుకుంది. భూతం పోతోందనుకుని సుకెర్తి ఇంకా గట్టిగా బాదింది. అర్దన పరుగున వచ్చి డబ్బా లాక్కునేదాకా ఆపలేదు.

"చాలమ్మా," అన్నాడు. ఆ రాత్రి తల్లి పెట్టిన అన్నం ముట్టలేదు.

తెల్లవారేసరికి మౌనం వచ్చేసింది. పొయ్యి లేదు, దీపం లేదు, వీధిలో బండి లేదు. ఆకాశంలో విమానం లేదు. నలుపు తెలుపు గళ్ళ పంచె కట్టిన కాపలావాళ్ళు మాత్రం, ఎవరూ నియమం తప్పకుండా చూస్తూ, చెప్పుల చప్పుడైనా చేయకుండా తిరుగుతున్నారు. నిన్నటి చల్లన్నం తిని ఎవరి మూల వాళ్ళు కూర్చున్నారు. సుకెర్తి ఈ మౌనాన్ని పుట్టినప్పటినుంచీ ఎరుగును. అయినా ఏటా అది వచ్చినప్పుడు, ఇంత పెద్ద ద్వీపం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టిందని ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచేది.

చప్పుడు లేని ఆ పగలు గడుస్తున్నకొద్దీ ఆమె ఒకటి గమనించింది. నిన్నటి మీద ముర్ని మొహం తేటపడింది. మధ్యాహ్నం వాకిట్లోని చావడి గట్టు మీద మొగుడితో నెమ్మదిగా మాట్లాడుతోంది. మాటల కోసం తడుముకోవడం లేదు. మొదలుపెట్టిన మాటను చివరిదాకా తీసుకెళుతోంది. అది నెలల తర్వాత విన్న గొంతు. భూతం పోయిందనుకుంది సుకెర్తి, అదంతా తన డబ్బా గొప్పతనమే అనుకుంది.

పొద్దు గుంకింది. అమావాస్య మర్నాటి చీకటి, చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు. సుకెర్తి వాకిలి దాటి మరుగుదొడ్డికి బయలుదేరింది. కళ్ళు మూసుకుని తిరగగలిగిన ఇల్లని ధీమా. సగం దూరం పోయేసరికి నేల ఎటుందో తెలియకుండా పోయింది. మెట్టు ఉందనుకున్నచోట లేదు. లేదనుకున్నచోట తగిలి, ఒళ్ళు ఒక పక్కకు తూలింది. చేతులు చాపి తడిమితే గోడ దొరికింది. దాన్ని కరుచుకుని, ఇటా అటా తేలక, చిన్నపిల్లలా నిలబడిపోయింది. అరవకూడదు. దీపం వెలిగించకూడదు.

"కదలకండి అత్తమ్మా, వస్తున్నాను." ముర్ని గొంతు అదే గోడ వెంబడి నెమ్మదిగా దగ్గరికొచ్చింది. చల్లటి చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. "ముందు పాదం ఆనించి నేల ఉందో లేదో చూసుకోండి. బరువు తర్వాత వెయ్యండి. గోడ మాత్రం వదలకండి. చీకట్లో నాకు తల ఇంకా ఎక్కువ తిరుగుతుంది, ఇద్దరం పడతాం."

"ఇదంతా నీకెలా వచ్చిందే?"

"పట్టపగలు కూడా నేను ఇలాగే కదా నడుస్తున్నాను."

సుకెర్తి పక్కనున్న గోడను ఇంకోసారి తడిమి చూసుకుంది. తనకు ఇది ఒక్క చీకటిపూట. ఈ పిల్ల వెలుగులో కూడా, సంతలో కూడా, తను తిడుతున్నప్పుడు కూడా, ఇలాంటి నేల మీదే నడిచి వచ్చి పూలు పెట్టింది. ఆ ధైర్యం ముందు తన అరవై ఏళ్ళ భక్తి చిన్నదిగా కనిపించింది.

తిరిగి వచ్చి చావడి మీద కూర్చున్నాక అడిగింది. "నిన్న నీ తల దగ్గర డబ్బా బాదాను. వెళ్ళిపోయిందా అది?"

"అక్కడ ఇంకెవరూ లేరు అత్తమ్మా. నేనే ఉన్నాను. మీరు పొమ్మన్నది నన్నే."

చీకట్లో ముసలామె ఏడ్చింది. కాపలావాళ్ళకు వినబడకుండా నడికట్టు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముర్ని ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

కన్నీళ్ళు తుడుచుకుని తలెత్తిన సుకెర్తి అలాగే ఉండిపోయింది. ద్వీపమంతా దీపాలారిపోయిన ఆ ఆకాశంలో ఖాళీ అన్నది లేదు. ఇంటి గుళ్ళ కప్పుల మీదినుంచి కొబ్బరి మట్టల చివర్ల దాకా చుక్కలే. ఏటా చూసేదే అయినా నోరు తెరుచుకుంది.

"చూశావే ముర్నీ?"

"లేదత్తమ్మా. పడినప్పటినుంచీ ఆకాశం చూడలేదు. తల పైకెత్తితే లోకం గిర్రున తిరుగుతుంది."

తల దేవుడి చోటు. కన్నబిడ్డ తలనైనా ఊరికే ముట్టుకోని మనుషులు వాళ్ళు.

"నీ తల పట్టుకోనా అమ్మా?" అని అడిగింది.

ముర్ని ఊఁ అంది. సుకెర్తి రెండు అరచేతులూ కోడలి చెవుల వెనక ఆనించి, నిండుకుండను దించినంత మెల్లగా, ఆమెను చాప మీదికి వాల్చింది. ముర్ని వేళ్ళు అత్త కట్టుబట్ట అంచును గట్టిగా పట్టుకున్నాయి. తర్వాత కళ్ళు తెరిచింది.

"తిరుగుతున్నాయా?" అంది సుకెర్తి.

"తిరుగుతున్నాయి. ఎంత బాగున్నాయో."

గుమ్మం దగ్గర అర్దన అడుగుల చప్పుడు ఆగింది. తల్లి అటు తిరగకుండానే గుసగుసగా చెప్పింది. "రేపు దీన్ని ఎక్కడికీ దింపి రానక్కర్లేదు. ఉత్సవానికి ఇది చెబుతుంటే దొన్నెలు నేను కడతాను. దీనికి గుర్తురాకపోతే గుర్తొచ్చేదాకా ఇద్దరం కూర్చుంటాం."

చుక్కలు తిరగడం మాని నిలిచేదాకా ఆమె కోడలి తల వదల్లేదు.