ఉరుములో ఆగని గీత

"మధుబాబు ఫొటో, అసలు పేరు వాళ్ళ చేతికి చిక్కితే రేపటికి శవం సముద్రంలో తేలుతుంది" అన్నాడు చీఫ్ నాగదుర్గాప్రసాద్.

ఎదురుగా ఏజెంట్ లోవరాజు కూర్చున్నాడు. మధుబాబు అతని పార్ట్‌నర్. ఆరు నెలలుగా ఒక విదేశీ ముఠాలో వాళ్ళ మనిషిలా నటిస్తున్నాడు.

"ఆ ఫైల్ అమలాపురంలో ఒక ఇంటి నుంచి ముక్కలుగా వెళ్తోంది. ఆఖరి ముక్క ఈరోజు నాలుగింటికి పూర్తవుతుంది. అది చేరితేనే ఫైల్ తెరుచుకుంటుంది. పంపేదెవరో తేలకుండా నెట్ కోసేస్తే, ఇంకోచోటి నుంచి పంపేస్తారు. ఆ ఇంట్లోనే మన ఏజెంట్ తులసి అద్దెకుంటోంది. సాయం చేస్తుంది. కోడ్: దింపు తీసేరా?"

పైవాళ్ళ తెలివి అలా ఏడిసింది. కొబ్బరి దింపు సంగతి కోనసీమలో ఎదురైనవాడల్లా అడుగుతాడు. నెట్ మెకానిక్ వేషంలో లోవరాజు గుమ్మంలో ఆ మాట అనగానే, ముందు వాటాలోని కొబ్బరి వ్యాపారి నాగేంద్రబాబు బయటికొచ్చాడు.

"ఎల్లుండి తీస్తామండి. తమరికెన్ని కాయలు కావాలండి?"

వెనక తులసి నవ్వింది. సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు, వీధి చివరికి కొట్టే సెంటు. గూఢచారిణినని మెళ్ళో బోర్డు కట్టుకోవడమొక్కటే తక్కువ.

ఇంటి ఓనరు కాంతమ్మ. అద్దెకిచ్చిన నాలుగు వాటాలకూ నెట్ కనెక్షన్ ఒక్కటే. నువ్వు మింగేస్తున్నావంటే నువ్వని వాళ్ళు రోజూ తగువులాడుకుంటే, విసుగెత్తి తన వంటింటి గట్టు మీద ఒక పాత కంప్యూటర్ని సర్వర్‌గా పెట్టించింది. నెట్ అంతా దానిలోంచే పోవాలి. ఏ వాటా ఎంత వాడుతోందో తెర మీద నాలుగు రంగుల గీతలు చెబుతాయి.

"చూడండి బాబూ. ఈళ్ళకి అన్నం అక్కర్లేదు, నెట్టుంటే చాలు" అని కాంతమ్మ వడియాలు తియ్యడానికి డాబా మీదికి వెళ్ళింది.

లోవరాజు తెర ముందు కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన వాచీ కెమెరా, పెన్ను మైకు ఒంటి మీదే ఉన్నాయి. దేనికీ పనికిరాలేదు.

"నాగేంద్రబాబే" అంది తులసి చెవిలో. "రోజుకి ఇరవై జీబీ లాగుతున్నాడు."

"అది డౌన్‌లోడ్. సినిమాలు చూస్తున్నాడు. మనకి కావలసింది అప్‌లోడ్."

అప్‌లోడ్ నాలుగు వాటాల్లోనూ నడుస్తోంది. వీడియో కాల్సు, ఫొటోలు, పిల్లల ఆన్‌లైన్ చదువులు. దొంగ ఎవరో గీతల్ని బట్టి తెలియడం లేదు. టైం మూడూ యాభై.

"నాగేంద్రబాబుని అరెస్ట్ చెయ్యండి. నేను సాక్ష్యం చెబుతాను" అంది తులసి.

అప్పుడే ఫెళ్ళున ఉరిమింది. డాబా మీంచి కాంతమ్మ కేకేసింది.

"ఉరుముతోందర్రా! వైర్లు పీకెయ్యండి!"

"ఆయ్, పీకేసేనండి!" అన్నాడు నాగేంద్రబాబు.

"మేమూ పీకేసేం పిన్నిగారూ!" వెనక వాటాల్లోంచి రెండు గొంతులు.

తెర మీద ఎరుపు పడిపోయింది. పసుపు పడిపోయింది. పచ్చ పడిపోయింది. నీలం ఒక్కటే ఏమీ ఎరగనట్టు పైపైకి పాకుతోంది.

"నీలం నీ వాటా" అన్నాడు లోవరాజు.

"మర్చిపోయాను."

"ఇక్కడివాళ్ళు ఉరుమొస్తే ఒంటి మీద బట్టైనా మర్చిపోతారు గానీ, వైరు పీకడం మర్చిపోరు. నీ సర్వీసు ఫైల్లో సొంతూరు ఈ కోనసీమలోనే, రాజోలని రాశావు. ఎక్కడుందా రాజోలు?"

తులసి హ్యాండ్‌బ్యాగ్ లోంచి పిస్టల్ తీసింది. రెండో చేతిలో ఫోన్. దాని మీద తొంభై ఆరు శాతం.

"కదిలితే కాలుస్తాను. ఇంక ఒక్క నిమిషం."

తొంభై ఏడు. తొంభై ఎనిమిది. లోవరాజు కళ్ళ ముందు మధుబాబు ముఖం మెదిలింది. కీబోర్డు వైపు చెయ్యి జరపబోయాడు. పిస్టల్ కణతకి ఆనింది.

తొంభై తొమ్మిది.

కాంతమ్మ వడియాల పళ్ళెంతో లోపలికొచ్చింది.

"ఇదింకా పీకలేదేటండి! కాలిపోతే ఎవరు కొనిస్తారు?"

సర్వర్ ప్లగ్గు పీకి గట్టు మీద పడేసింది. తెర నల్లబడింది. ఫోన్‌లో అంకె అక్కడే ఆగిపోయింది. తులసి దానివైపు చూసిన ఆ ఒక్క క్షణంలో లోవరాజు ఆమె మణికట్టు విరిచి పట్టాడు. పిస్టల్ వడియాల్లో పడింది.

కాంతమ్మ దాన్ని చూసి మూతి తిప్పింది.

"తుపాకీ ఉందని వాటా అడిగిన రోజే చెప్పొద్దటమ్మా?"

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. తులసి లాప్‌టాప్ దొరికింది. మధుబాబు క్షేమంగా బయటపడ్డాడు.

"శభాష్! ఏ టెక్నాలజీ వాడావు?"

"హై లెవెల్ నెట్‌వర్క్ ఆపరేషన్ సార్" అన్నాడు లోవరాజు. ప్లగ్గు పీకారని చెబితే, ప్లగ్గు పీకడం మీద ఢిల్లీలో ఆరు వారాలు ట్రైనింగ్ పెడతారు.